గడ్డం సబ్బుకు గ్లాసెడు మంచినీళ్లు



ఈవేళ మనం మాట్లాడుకోబోయే సంగతి చాలా చిన్నది. గడ్డం గీసుకునే సబ్బు, దాని నురగ. దీనికి కూడా రేడియోలో ప్రసంగం కావాలా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ కోలారు, చింతామణి, బాగేపల్లి, గౌరీబిదనూరు, ఇటు హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన మనవాళ్లు తరచుగా అనే మాట ఒకటుంది. "ఇప్పటి సబ్బుల్లో పస లేదండీ. ఎంత రుద్దినా నురగ రాదు. గీసుకుంటే మొహమంతా మంట." ఊళ్లో ఉండిపోయినవాళ్లూ ఇదే మాట అంటారు. ఆ తర్వాత సబ్బు మారుస్తారు. ఆ సబ్బూ అంతే. చివరికి విసిగిపోయి, మీట నొక్కితే బుస్సుమని నురగ కక్కే డబ్బా కొంటారు. అంత ఖర్చు ఎందుకనుకునేవాళ్లు ఒంటిసబ్బే నాలుగుసార్లు రుద్ది, పళ్లు బిగించి గీసేసుకుంటారు.

సబ్బు మీద నేరం మోపే ముందు నీళ్లను ఒకసారి విచారించాలని నా మనవి.

పదో తరగతి పిల్లల చేత బళ్లో చేయించే ప్రయోగం ఒకటి చెబుతాను. మీరూ ఇంట్లో చేసి చూడండి. ఒకే రకం సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు సగం దాకా పోయండి. రెండోదాంట్లో అంతే కొలతకు వాన నీళ్లు గానీ, ఆర్వో ఫిల్టరు నుంచి పట్టిన తాగే నీళ్లు గానీ పోయండి. స్నానం సబ్బును చాకుతో గీకి చిటికెడు తురుము ఇందులో, చిటికెడు అందులో వేయండి. మూత బిగించి రెండింటినీ చెరి ఇరవై సార్లు ఊపి బల్ల మీద పెట్టండి. వాన నీళ్ల సీసాలో పైన నాలుగు వేళ్ల మందం నురగ, కింద దాదాపు తేటనీళ్లు కనబడతాయి. బోరు నీళ్లు గడుసువైతే ఆ సీసాలో పైన పలుచగా నాలుగు బుడగలు, కింద విరిగిన పాలలాగా తెల్లటి తరకలు. బట్టలుతికే పౌడరు మాత్రం వేయకండి. అది సబ్బు కాదు, వేరే జాతి. ఎటువంటి నీళ్లలోనైనా నురగ తెప్పించి మనల్ని మోసం చేస్తుంది.

సబ్బు అదే, చెయ్యి అదే, ఊపిన లెక్క అదే. మారింది నీళ్లే.

ఇటువంటి నీళ్లను పాఠ్యపుస్తకం కఠిన జలం అంటుంది. కన్నడంలో గడసు నీరు. మన పల్లెల్లో అన్నిటికీ కలిపి ఉప్పునీళ్లనే పేరు పెట్టారు గానీ, నురగను చంపేది నాలుకకు తగిలే ఉప్పు ఒక్కటే కాదు. కాల్షియం, మెగ్నీషియం అనే రెండు లోహాల లవణాలు అసలు దోషులు. వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటాయి. ఆ కాస్త పులుపుతోనే రాతి పొరల్లోని ఖనిజాలను కరిగించుకుంటాయి. ఎంతకాలం రాళ్ల మధ్య నిలిస్తే అంత గట్టిపడతాయి. మన సరిహద్దు జిల్లాల్లో చెరువులు ఎండి, బావులు అడుగంటి, బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయిన చోట్ల ఏ నీళ్లు పైకి వస్తాయో వేరే చెప్పాలా? బిందె అంచున తెల్లటి చార, గీజరు కడ్డీకి సున్నం పట్టినట్టు పెచ్చు, పప్పు ఎంతసేపటికీ ఉడక్కపోవడం, ఇవన్నీ ఆ నీళ్ల ఆనవాళ్లే.

ఆ నీళ్లలో పడ్డ సబ్బు సంగతి చూద్దాం. సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లమూ, సోడియమో పొటాషియమో కలిసి కట్టిన జంట. ఈ జంట నీళ్లలో హాయిగా కరుగుతుంది. కాల్షియం వచ్చిందంటే సోడియాన్ని పక్కకు నెట్టి కొవ్వు ఆమ్లాన్ని తానే పట్టుకుపోతుంది. ఈ కొత్త జంట నీళ్లలో కరగదు. మీరు సీసాలో చూసిన తరకలు అవే, బాత్‌రూమ్ గోడకు జిగటగా పట్టే తెట్టూ అదే. అంటే మీరు రుద్దిన సబ్బులో కొంత భాగం ముందు కాల్షియానికి కప్పం కట్టాలి. ఆ కప్పం తీరాకే మిగిలిన సబ్బు నురగకు దక్కుతుంది. పైగా ఆ తరకలు ఊరికే ఉండవు. లేచిన బుడగల గోడలను పొడిచి పగలగొడతాయి.

చిన్న లెక్క చెబుతాను. లెక్కలంటే పడనివాళ్లు ఒక్క నిమిషం ఓర్చుకోండి. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ నియమం. వేరే దిక్కు లేనిచోట 600 దాకా ఓర్చుకోమన్నారు. ఆ 600 ఉన్న నీళ్లు ఒక్క గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు, సుమారు ముప్పావు గ్రాము సబ్బును మింగి కూర్చుంటాయి. ఒక పూట గడ్డానికి మనం వాడే సబ్బే సుమారుగా ఒక గ్రాము. బ్రష్షు ముంచి, మొహం తడిపి, మధ్యలో బ్లేడు జాడించి, చివర కడుక్కునే నీళ్లన్నీ అవే అయినప్పుడు ఇక నురగ ఎక్కడ నిలుస్తుంది?

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఈ ఒక్క ఊళ్లో రెండు రకాల నీళ్లున్నాయి. 1896లో హెసరఘట్ట నుంచి, 1933లో తిప్పగొండనహళ్లి నుంచి, 1974లో కావేరి నుంచి వరసగా నగరానికి నీళ్లు తెచ్చారు. ఇవన్నీ నేల మీది నీళ్లు, వానను నమ్ముకున్న నీళ్లు. కావేరిని దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోస్తారు. బోరు నీళ్లతో పోలిస్తే అది మెత్తని నీరు. కానీ 2007లో నగరంలో కలిసిన 110 పల్లెల వైపు, అంటే మనవాళ్లు ఎక్కువగా అద్దెకు దిగే తూర్పు శివార్ల వైపు, ఏళ్ల తరబడి బోరు, ట్యాంకరు నీళ్లే గతి అయ్యాయి. ఆ పల్లెల కోసం తెచ్చిన కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. అయినా చాలా అపార్టుమెంట్లలో కావేరి, బోరు, ట్యాంకరు మూడూ ఒకే సంపులో పడతాయి. అందుకే సోమవారం బ్రహ్మాండంగా వచ్చిన నురగ గురువారం మొండికేస్తుంది. మీరు సబ్బును అనుమానిస్తారు. ఆ రోజు సంపులోకి ఏం వచ్చిందో వాచ్‌మన్‌ను అడగండి, తెలుస్తుంది.

దీనికి ఇల్లంతా నీళ్లు మెత్తబరిచే యంత్రం పెట్టించమని నేను చెప్పను. గడ్డానికి కావలసింది ఒక్క గ్లాసు మంచినీళ్లు. అంతే. ఆర్వో నీళ్లు ఒక గ్లాసు పక్కన పెట్టుకోండి. అయితే ఆ ఫిల్టరు వదిలేసే వృథా నీళ్లు బకెట్లో పడతాయి చూడండి, అవి మాత్రం వద్దు. ఫిల్టరు వద్దనుకున్న ఖనిజాలన్నీ అందులోనే ఉంటాయి. వాన నీళ్లు పట్టుకునే ఏర్పాటు ఉన్నవాళ్లకు ఇక తిరుగే లేదు. బెంగళూరులో 2009 నుంచి పెద్ద స్థలాల ఇళ్లకు ఆ ఏర్పాటు తప్పనిసరి కూడాను. ఈ రెండూ లేని పల్లెటూళ్లో అయితే చెంబెడు నీళ్లు కొన్ని నిమిషాలు బాగా మరగనిచ్చి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి పేరుకున్నాక పైతేట వంచుకోండి. కాఠిన్యంలో తాత్కాలికమని చెప్పే భాగం ఇలా పోతుంది. కొన్ని బోర్లలో ఉండేది శాశ్వత కాఠిన్యం, అది మరగబెట్టినా పోదు. మళ్లీ సీసా పరీక్ష చేస్తే మీ బోరు ఏ రకమో మీకే తెలిసిపోతుంది. చాకలి సోడా వేస్తే ఏ నీళ్లయినా మెత్తబడతాయి. నిజమే, కానీ అది బట్టలకు, మొహానికి కాదు. చర్మాన్ని కాలుస్తుంది.

సరే, నీళ్లు దొరికాయి. అసలు నురగ ఎందుకు? ఇది తెలియకపోతే ఎంత నురగ తెచ్చినా వృథాయే.

పాతకాలం ఊరి మంగలిని చూసిన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పొది విప్పి, చిన్న గిన్నెలో నీళ్లు పోసుకుని, వేళ్లు ముంచి ముంచి గడ్డాన్ని ఎంతో సేపు మర్దన చేసేవాడు. సబ్బు ఊసే ఉండేది కాదు చాలాచోట్ల. కబుర్లు చెబుతూ తడుపుతూనే ఉండేవాడు. మనకేమో ఆయన కాలక్షేపం చేస్తున్నట్టు కనిపించేది. నిజానికి వెంట్రుకను నానబెడుతున్నాడు. పొడి గడ్డం వెంట్రుక గట్టి తీగలాంటిది. రెండు మూడు నిమిషాలు నీళ్లు తాగితే ఉబ్బి మెత్తబడుతుంది, కత్తికి సులువుగా లొంగుతుంది. వెంట్రుకను మెత్తబరిచేది నీళ్లే, సబ్బు కాదు. మరి సబ్బు పని? ముందు వెంట్రుక మీది జిడ్డు తీసి నీళ్లకు దారి ఇవ్వడం. ఆ నీళ్లు ఆరిపోకుండా దుప్పటిలా కప్పి ఉంచడం. బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు కల్పించడం. ఈ మూడు పనులూ చేయని నురగ ఎంత ఎత్తున లేచినా ఉత్త ఆడంబరమే.

ఒంటిసబ్బు ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. బెంగళూరు సబ్బుకు పేరుపడ్డ ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపు చెక్క ఎగుమతి దెబ్బతిన్నప్పుడు, 1916, 1918 సంవత్సరాల మధ్య, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను విశ్వేశ్వరయ్యగారు ఇక్కడ ప్రభుత్వ సబ్బు ఫ్యాక్టరీ పెట్టించారు. ఎస్.జి. శాస్త్రిగారిని సబ్బు విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. ఆ ఫ్యాక్టరీ తర్వాత రాజాజీనగరు వైపు మారింది, 1980లో కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ అయింది. ఇప్పుడు మెట్రో రైల్లో వెళితే ఒక స్టేషను పేరే శాండల్ సోప్ ఫ్యాక్టరీ. మైసూరు శాండల్ సబ్బు ఒంటికి ఎంత మంచిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా దానితో గడ్డం గీసుకోకండి. మంచి ఒంటిసబ్బు చేసేది ఒళ్లు కడగడానికి. సోడియంతో చేసిన సబ్బు అది. నురగ గబుక్కున లేస్తుంది, గబుక్కున ఆరుతుంది. కడిగేసుకునేదానికి అంతకంటే అక్కర్లేదు. గడ్డం సబ్బులో పొటాషియం పాలు, స్టియరిక్ ఆమ్లం పాలు ఎక్కువ ఉంటాయి. పొటాషియం వల్ల సబ్బు త్వరగా కరుగుతుంది, స్టియరిక్ వల్ల బుడగలు చిన్నవిగా, దట్టంగా, ఎక్కువసేపు నిలిచేవిగా వస్తాయి. కొబ్బరినూనె నురగను తొందరగా లేపుతుంది, గ్లిజరిన్ తడిని పట్టి ఉంచుతుంది. కొనేటప్పుడు పెట్టె మీది సన్నక్షరాల్లో స్టియరిక్, పొటాషియం అనే మాటలు మొదట్లోనే ఉన్నాయేమో చూడండి. ట్యూబులో వచ్చే క్రీము కూడా ఇదే కుటుంబం, నీళ్లు ముందే కలిపిన మెత్తని సబ్బు. దానికీ గడుసు నీళ్లతో ఇదే తంటా.

ఇక చేసే పద్ధతి. ఇడ్లీకి మినప్పప్పు రుబ్బడం చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. రోట్లో ఒక్కసారిగా నీళ్లు గుమ్మరిస్తే పిండి జారుతుందే గానీ ఒదగదు. నీళ్లు పోయకపోతే ముద్దగా ఉండిపోతుంది. చేత్తో చిలకరించుకుంటూ, గాలి ఎక్కేలా రుబ్బితే పిడికెడు పప్పు గిన్నెడు పిండి అవుతుంది. నురగా అంతే. సబ్బు, నీళ్లు, గాలి. మూడూ ఒకదాని తర్వాత ఒకటి, తొందరపడకుండా.

ముందు మొహాన్ని గోరువెచ్చని నీళ్లతో బాగా తడపండి. స్నానం తర్వాత గీసుకుంటే ఇంకా మంచిది. ఆ సమయంలోనే బ్రష్షును మీ గ్లాసెడు నీళ్లలో నానేయండి. పంది వెంట్రుకల బ్రష్షు అయితే రెండు మూడు నిమిషాలు నానాలి, లేకపోతే అది మీ నురగలో నీళ్లను తానే తాగేస్తుంది. నైలాను బ్రష్షుకు నానబెట్టే పని లేదు. సబ్బు బిళ్ల మీద అర చెంచా నీళ్లు పోసి వదిలేయండి, పైపొర మెత్తబడుతుంది.

తర్వాత బ్రష్షును తీసి గట్టిగా విదిలించండి. తడిగా ఉండాలి, కారకూడదు. సబ్బు మీది నీళ్లు వంచేసి, బ్రష్షును గుండ్రంగా ముప్పై సెకన్ల పాటు తిప్పండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. నాలుగు బుడగలు కనబడగానే మొహానికి ఎత్తేస్తారు. బుడగలు కాదు మనకు కావలసింది, ముద్ద. బ్రష్షు కొసలకు చిక్కని వెన్నలాంటి ముద్ద పట్టేదాకా తిప్పండి. బుడగలు వస్తున్నాయంటే నీళ్లు ఎక్కువయ్యాయని గుర్తు.

ఆ ముద్దను గిన్నెలోనైనా, నేరుగా మొహం మీదనైనా చిలకవచ్చు. నా ఓటు మొహానికే. ఆ తిప్పడంలో వెంట్రుకలు లేచి నిలబడతాయి, ఊరి మంగలి చేసిన మర్దన కూడా జరిగిపోతుంది. ఒక నిమిషం తిప్పాక బ్రష్షు కొసను నీళ్లకు తాకించండి, ముంచకండి. మళ్లీ తిప్పండి. మళ్లీ రెండు చుక్కలు. ఇలా మూడు నాలుగు విడతలు. నురగ మొదట సున్నంలా మెరుపు లేకుండా ఉంటుంది, బ్రష్షు లాగుతుంటే పట్టేస్తుంది. ఇంకా నీళ్లు కావాలని అర్థం. ఈ దశలో ఆపేసినవాళ్లకే సగం గీసేలోపు చెంప మీద నురగ ఎండి అట్టకడుతుంది. నీళ్లు సరిపోయేసరికి మీగడ తరకలాంటి మెరుపు వస్తుంది, బ్రష్షు జారుతుంది, లాగితే కొస వంగి నిలుస్తుంది. రెండు వేళ్ల మధ్య రాసి చూస్తే జారిపోవాలి. అక్కడ ఆగండి. నీళ్లు దాటిపోతే పెద్ద పెద్ద బుడగలు లేచి మెడ మీదికి కారుతుంది. అలా అయితే బాధలేదు, బ్రష్షును మళ్లీ సబ్బు మీద పది చుట్లు తిప్పి తెచ్చి కలపండి.

బ్రష్షు మాట వచ్చింది కనుక ఒక సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రపు వెంట్రుకలతో చేసిన చౌక బ్రష్షుల వల్ల బ్రిటన్‌లో, అమెరికాలో సైనికులకూ మామూలు జనానికీ ఆంత్రాక్స్ సోకింది. గొడ్లకు వచ్చే దొమ్మరోగం అదే. వెంట్రుకను సరిగా శుద్ధి చేయకపోవడమే కారణం. ఇప్పటి బ్రష్షులకు ఆ భయం లేదు గానీ, ఒకరి బ్రష్షు ఇంకొకరు వాడకూడదన్నది అప్పుడూ ఇప్పుడూ నిజమే.

మంచి నురగ వచ్చాక పని సగం అయినట్టే. వెంట్రుక పెరిగిన దిక్కుకే, బ్లేడును నొక్కకుండా, దాని బరువుతోనే గీయండి. నున్నగా రాలేదనిపిస్తే మళ్లీ నురగ పట్టించి మళ్లీ గీయండి. నురగ లేని చర్మం మీద ఆ ఒక్క గీత అని గీసే గీతే మంట తెస్తుంది. వెంట్రుక చర్మంలోకి తిరిగి పెరగడం, కుదుళ్లు చీము పట్టడం అక్కడే మొదలవుతాయి. కన్నడంలో గడ్డాన్ని "గడ్డ" అంటారు. కొత్తగా బెంగళూరు వచ్చిన మనవాడు ఆ మాట విని ఎవరికో సెగ్గడ్డ లేచిందనుకుంటాడు. పొడి మొహం మీద రోజూ గీసుకునేవాడికి ఆ రెండు భాషల అర్థాలూ ఒకే చెంప మీద కనబడతాయి.

ఇది నవ్వులాటే గానీ, నవ్వలేని వైపు కూడా ఒకటుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి చిన్న గాటు కూడా త్వరగా మానదు. గుండె కోసం రక్తం పలచబడే మందులు వాడేవారికి గాటు పడితే నెత్తురు ఆగడానికి చాలాసేపు పడుతుంది. మంచం పట్టిన తండ్రికి గడ్డం గీసే కొడుకులు, మామగారికి గీసే కోడళ్లు నా మాట వింటున్నారేమో, వారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ముసలివారి చర్మం వదులు. ముందు గోరువెచ్చని తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు చెంపల మీద కప్పండి. నురగ మామూలుకంటే కొంచెం పలుచగా, తడిగా ఉండనివ్వండి. రెండు వేళ్లతో చర్మాన్ని మెల్లగా సాగదీసి పట్టి చిన్న చిన్న గీతలు గీయండి. ఒక చెంప పూర్తయ్యాకే రెండో చెంపకు నురగ పెట్టండి, ఎండిపోదు.

షాపులో గీయించుకునేవారు కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటపడకండి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి క్రిమి ఒంటి బయట, ఎండిన నెత్తుటి మరకలో కూడా, కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. బ్లేడును నీళ్లలో జాడించినంత మాత్రాన, పటిక రాసినంత మాత్రాన అది చావదు. ఇంట్లో కూడా తండ్రి బ్లేడు కొడుకు వాడకూడదు.

పటిక పేరెత్తాను గనుక దాని చోటు ఎక్కడో కూడా చెప్పాలి. గీయడం పూర్తయ్యాక తడి పటిక రాస్తే చిన్న చిన్న గాట్లు మూసుకుంటాయి, మంచిదే. కానీ పటిక రాశాక మళ్లీ సబ్బు పెట్టకండి. అందులోని అల్యూమినియం కూడా కాల్షియంలాగే సబ్బును విరగ్గొడుతుంది. చెరువు నీళ్లలో పటిక తిప్పి తేర్చుకునే ఊళ్లలో నురగ తగ్గడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నిమ్మకాయ కూడా అంతే. ఆ పులుపు సబ్బును మళ్లీ ఉత్త కొవ్వుగా మార్చేస్తుంది. నిమ్మరసం పిండితే నురగ బాగా వస్తుందని ఎవరైనా చెబితే, సీసాలో రెండు చుక్కలు పిండి చూపించండి.

మొహాన్ని మొదట కుళాయి నీళ్లతో కడుక్కున్నా, ఆఖరుసారి మాత్రం గ్లాసులో మిగిలిన మంచినీళ్లతో కడుక్కోండి. గడుసు నీళ్లతో కడిగితే ఆ తెట్టు చర్మం మీదే ఉండిపోయి, ఆరాక బిగుతుగా, దురదగా ఉంటుంది. బ్రష్షును కూడా ఆ నీళ్లతోనే జాడించి, విదిలించి, వెంట్రుకలు కిందికి ఉండేలా గాలి ఆడే చోట తగిలించండి. సబ్బు పెట్టెలో నీళ్లు నిలవనివ్వకండి. మూత పెట్టే ముందు బిళ్లను కాసేపు ఆరనిస్తే అది మరికొన్నాళ్లు మన్నుతుంది.